ఉచిత ప్లగిన్లతో ఇంట్లో గిటార్ రికార్డింగ్: ధ్వని పలచగా, గరగరగా ఎందుకు వస్తోంది?

తీగలగోల
ఇంట్లో కంప్యూటర్‌కు రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి, ఎలక్ట్రిక్ గిటార్‌ను నేరుగా అందులోకి పంపి, పూర్తిగా ఉచితంగా దొరికే ప్లగిన్లతోనే, అంటే రికార్డింగ్ ప్రోగ్రాము లోపల నడిచే ఆంప్లిఫయర్ (ఆంప్), పెడల్ నకళ్లతోనే, రికార్డ్ చేస్తున్నాను. ఇగ్నైట్ ఆంప్స్ వారి ఎమిసరీ, లెపూ లెక్టో, గిటార్ రిగ్ ప్లేయర్, ఈ మధ్య న్యూరల్ ఆంప్ మోడలర్, ఇలా చేతికందినవన్నీ పెట్టి చూశాను. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మీట) పెంచితే తేనెతుట్టె కదిపినట్టు రొద వస్తోంది. తగ్గిస్తే ధ్వని పలచబడి మిగతా వాయిద్యాల వెనక ఎక్కడో దాక్కుంటోంది. అవే ప్లగిన్లతో ఇతరులు చేసిన రికార్డింగులు వింటే మాత్రం నిజమైన ఆంప్ ముందు మైకు పెట్టి తీసినట్టే ఉంటున్నాయి. లోపం ఉచిత ప్లగిన్లదే అయితే చెప్పండి, డబ్బు పెట్టి కొనడానికి సిద్ధపడతాను. కాకపోతే ఎక్కడ వెతకాలో చెప్పండి. ప్లగిన్లు దించుకోవడంలో వచ్చిన వేగం స్కేళ్లు వాయించడంలో నాకు ఇంకా రాలేదు.

మెల్లగా_మీటు
పేర్లు చెప్పారు కానీ వాటిని ఏ వరుసలో పెట్టారో చెప్పలేదు. ఎమిసరీ, లెక్టో రెండూ ఆంప్ హెడ్ వరకే పనిచేస్తాయి, వాటిలో స్పీకర్ క్యాబినెట్ ఉండదు. వాటి తర్వాత ఇంపల్స్ రెస్పాన్స్ లోడర్, అంటే స్పీకర్ ధ్వనిని దాచిన ఫైలును తెరిచే ప్లగిన్, ఏదైనా పెట్టారా?

రాత్రివాయిద్యం
కొనడమే మేలని నా అభిప్రాయం. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్‌లో ప్రీసెట్ తెరవగానే గేటు (వాయించనప్పుడు రొదను ఆపేది), పెడల్, ఆంప్, క్యాబినెట్, ఈక్యూ (అడుగు, నడుమ, పై స్వరాలను వేర్వేరుగా పెంచి తగ్గించేది), రివర్బ్ (ప్రతిధ్వని) అన్నీ సిద్ధంగా కుదిరి ఉంటాయి. ఉచితంగా దొరికే ముక్కలను ఒకచోట చేర్చి కుదుర్చుకునే సమయంలో ఒక పాట రికార్డ్ చేసుకోవచ్చు.

ఐఆర్_పిచ్చి
రాత్రివాయిద్యం గారు చెప్పినదే నిజానికి ఉచిత ప్లగిన్ల పక్షాన వాదన. కొన్న ప్లగిన్‌లో బాగున్నది ఆంప్ ఒక్కటే కాదు, దాని ముందూ వెనకా పెట్టిన సరంజామా. అందులో ముఖ్యమైనది క్యాబినెట్.

గిటార్ స్పీకర్ మనం పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. మామూలుగా వాడే 12 అంగుళాల గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక ధ్వనిని నిటారుగా కోసేస్తుంది, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంత ఎత్తి చూపిస్తుంది, అడుగున 80 హెర్ట్జ్ కిందికి వెళ్లేసరికి బలహీనపడుతుంది. డిస్టార్షన్ (ధ్వని చిట్లడం) పుట్టించే పై హార్మోనిక్స్‌లో, అంటే అసలు స్వరం మీద చేరే పై స్వరాల్లో, చెవికి గుచ్చుకునే భాగాన్ని ఆపే జల్లెడ ఆ స్పీకరే. క్యాబినెట్ లేకుండా ఆంప్ హెడ్‌ను నేరుగా వింటే ఎంత ఖరీదైన ఆంప్ అయినా గరగరలాడుతుంది.

ఇంపల్స్ రెస్పాన్స్, అంటే మనం ఐఆర్ అని పిలుచుకునేది, ఒక స్పీకర్ ముందు ఒక మైకును ఒక చోట పెట్టినప్పుడు వచ్చే స్పందనను చిన్న వేవ్ ఫైలుగా దాచుకున్నది. ఎస్ఎం57 మైకు 1965 నుంచీ, సెలెషన్ వింటేజ్ 30 స్పీకర్ 1986 నుంచీ ఉన్నాయి. రాక్, మెటల్ రికార్డింగుల్లో మనం వినే గిటార్ ధ్వనిలో పెద్ద వాటా ఈ రెండింటి జోడీదే. ఆ జోడీకి ఉచిత ఐఆర్‌లు కావలసినన్ని దొరుకుతాయి, వాటిని తెరవడానికి ఇగ్నైట్ వారి నాడ్ఐఆర్ ఉచితమే. ఒకే క్యాబినెట్‌లో మైకును స్పీకర్ నడిమి నుంచి అంచు వైపు రెండు సెంటీమీటర్లు జరిపితే వచ్చే తేడా, ఆంప్ మీద ట్రెబుల్ మీటను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా రాదు. అందుకే ఆంప్ ప్లగిన్లు మార్చడం ఆపి, ఒక ఆంప్‌ను స్థిరంగా ఉంచి ఐఆర్‌లు మార్చి వినమని చెబుతాను.

తీగలగోల
మెల్లగా_మీటు గారూ, ఎమిసరీ తర్వాత నాడ్ఐఆర్ పెడుతున్నాను, అందులో ఒక ఉచిత ఐఆర్ ఉంది. న్యూరల్ ఆంప్ మోడలర్ తర్వాత కూడా అదే నాడ్ఐఆర్ ఉంది. అయితే విచిత్రంగా అక్కడ గరగర ఉండదు, దుప్పటి కప్పినంత మూసుకుపోయి వినిపిస్తుంది.

ఐఆర్_పిచ్చి
మీరు దించుకున్న మోడల్ ఫైలు పూర్తి రిగ్‌ది అయి ఉండాలి. అందులో క్యాబినెట్, మైకు అప్పటికే కలిసిపోయి ఉన్నాయి, దాని మీద మళ్లీ ఐఆర్ పెడితే స్పీకర్ ముందు స్పీకర్ పెట్టినట్టు అవుతుంది. ఆ ఫైలు వివరంలో ఆంప్ హెడ్ అని ఉందా, ఫుల్ రిగ్ అని ఉందా, పెడల్ అని ఉందా చూడండి. ఫుల్ రిగ్ అయితే నాడ్ఐఆర్ తీసేయండి, ఆ ప్లగిన్ లోపల ఉన్న ఐఆర్ భాగాన్ని కూడా ఆపేయండి.

నకలు_నాదం
న్యూరల్ ఆంప్ మోడలర్ ఉండగా మిగతా పాత ఉచిత ఆంప్‌ల గురించి మాట్లాడటమే అనవసరమని నా నమ్మకం. స్టీవెన్ అట్కిన్సన్ తయారు చేసి ఓపెన్ సోర్సుగా విడుదల చేసిన ఈ ప్లగిన్‌తో పాటు ఉన్న శిక్షణ ప్రోగ్రాము, నిజమైన ఆంప్‌లోకి పంపిన సిగ్నల్‌నూ అందులోంచి వచ్చిన సిగ్నల్‌నూ పక్కపక్కన పెట్టి న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పిస్తుంది. ఒకప్పుడు టోన్‌హంట్ అనే పేరుతో ఉండి ఇప్పుడు టోన్3000 అయిన చోట జనం తాము తీసిన మోడళ్లను ఉచితంగా పెడుతున్నారు. ఎవరో తన ఆంప్‌ను ఓపికగా మోడల్ చేసి పెట్టాక, ఎవరో ఊహించి రాసిన సర్క్యూట్ ఎందుకు?

పాతచింత
నకలు_నాదం గారితో ఏకీభవించలేను. ఆ మోడల్ ఒక ఫోటో లాంటిది. ఆంప్ మీద మీటలు ఎక్కడుండగా తీశారో అక్కడే అది నిలిచిపోతుంది. ప్లగిన్‌లో కనిపించే బాస్, మిడ్, ట్రెబుల్ మీటలు మోడల్ తర్వాత వచ్చే మామూలు ఈక్యూ మాత్రమే, ఆ ఆంప్ లోపలి టోన్ మీటలు కావు. గెయిన్ మీట తిప్పుతూ, ప్రెజెన్స్ తగ్గిస్తూ, ఆంప్ ఎక్కడ తిరగబడుతుందో చేత్తో తెలుసుకోవడం ఎమిసరీ లాంటి వాటిలో సాధ్యం, మోడల్ ఫైలులో సాధ్యం కాదు. నేర్చుకునేవారికి మీటలున్న ఆంపే మంచిది. లెపూ హైబ్రిట్‌తో నేను ఇప్పటికీ క్రంచ్ (కొద్దిగా చిట్లిన ధ్వని) ట్రాకులు రికార్డ్ చేస్తున్నాను, వింటున్నవారెవరూ ప్లగిన్ పుట్టిన తేదీ అడగలేదు.

నకలు_నాదం
మీటల సంగతి ఒప్పుకుంటాను. అయితే ఒకే ఆంప్‌ను పలు గెయిన్ స్థాయుల్లో తీసిన మోడళ్ల కట్టలు కూడా ఉన్నాయి, వాటిలోంచి మనకు కావలసిన స్థాయిని ఎంచుకోవచ్చు. పైగా లెపూ ప్లగిన్లు విఎస్‌టి 2 అనే పాత ప్లగిన్ ఫైలు రూపంలో ఉన్నవి, ఆ రూపాన్ని తెరవడం మానేసిన రికార్డింగ్ ప్రోగ్రాములలో అవి కనిపించనే కనిపించవు. మీ కంప్యూటర్ మార్చిన రోజు ఈ చర్చ మళ్లీ మొదలుపెడదాం.

పాతచింత
అందుకే కంప్యూటర్ మార్చడం లేదు.

కొలతబద్ద
ఆంప్ ఏదైనా దాని ముందుకు వెళుతున్న సిగ్నల్ గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. తీగలగోల గారూ, మీ ఇంటర్‌ఫేస్‌లో గిటార్‌ను పెట్టిన ఇన్‌పుట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ లేదా హై జెడ్ అనే మీట ఉంటుంది, అది నొక్కి ఉందా? గిటార్ పికప్‌కు (తీగ కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) దాదాపు 1 మెగాఓమ్ ఇంపిడెన్స్ (విద్యుత్ నిరోధం) ఉన్న ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్‌లో అది సుమారు 10 కిలోఓమ్‌లే ఉంటుంది. అప్పుడు పికప్ సహజంగా మెరిసే పై భాగం అణిగిపోయి, స్థాయి పడిపోయి, ధ్వని మొద్దుబారుతుంది. తర్వాత ట్రెబుల్ ఎంత పెంచినా పోయినది తిరిగి రాదు.

ఇక స్థాయి విషయం. గట్టిగా కార్డులు కొట్టినప్పుడు మీటర్ మీద అత్యధిక సూచిక మైనస్ 12 డిబి (డెసిబెల్; సున్నా దగ్గర ఎరుపు తగులుతుంది) దరిదాపుల్లో ఉండేలా గెయిన్ పెట్టుకోండి. 24 బిట్లలో రికార్డ్ చేస్తున్నప్పుడు అంతకన్నా కిందున్నా పోయేదేమీ లేదు, ఎరుపు తగిలితే మాత్రం ఆ చిట్లిన ధ్వని ఆంప్ ప్లగిన్‌లోకి చిట్లినట్టే వెళుతుంది.

సున్నా_డిబి
కొలతబద్ద గారి మొదటి పేరా సరైనదే కానీ రెండవదానితో నాకు తగాదా ఉంది. మైనస్ 12 అనే లెక్క గొంతు రికార్డ్ చేయడానికి చాలు, ఆంప్ ప్లగిన్‌కు చాలదు. ఆంప్ ఎంత డిస్టార్ట్ అవుతుందనేది దానిలోకి ఎన్ని వోల్టులు వస్తున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. బలహీనమైన సింగిల్ కాయిల్ పికప్‌ను, రెండు కాయిళ్లతో హమ్‌ను అణిచే బలమైన హంబకర్ పికప్‌ను రెండింటినీ మైనస్ 12కు తెచ్చి పెట్టామంటే ఆ రెండు గిటార్ల మధ్య ఉన్న తేడాను మనమే చెరిపేసినట్టు, ఆపైన ఆంప్ రెండింటికీ ఒకే తీరుగా స్పందిస్తుంది.

దీనికి సరైన దారి ఇంటర్‌ఫేస్ గెయిన్‌ను పూర్తిగా తగ్గించి, దాని మాన్యువల్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కు గరిష్ఠ స్థాయి ఎన్ని డిబియు (విద్యుత్ సిగ్నల్ స్థాయికి కొలమానం) అని రాశారో చూడటం. ఉదాహరణకు అక్కడ 12 డిబియు అని ఉందనుకుందాం. మోడల్ తీసినవారి ఇంటర్‌ఫేస్‌లో అది 18 డిబియు అనుకుందాం. ఒకే గిటార్ సిగ్నల్ మీ దగ్గర ఆ మోడల్ ఎదురుచూసే దానికన్నా 6 డిబి ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ప్లగిన్ ఇన్‌పుట్‌ను 6 డిబి తగ్గించాలి. న్యూరల్ ఆంప్ మోడలర్ కొత్త వెర్షన్లలో ఈ లెక్కను ప్లగినే చేసుకునే వీలుంది, కానీ మోడల్ ఫైలులో ఆ వివరం నమోదై ఉంటేనే అది పనిచేస్తుంది. ఆంప్‌లు అన్నీ అతిగా గరగరలాడుతున్నాయని చెప్పేవారిలో చాలామంది వాటిని 6 లేదా 10 డిబి ఎక్కువగా తోస్తున్నారని నా అనుమానం.

కొలతబద్ద
మీ లెక్కలో తప్పు లేదు. అయితే గెయిన్ పూర్తిగా తగ్గించి బలహీనమైన పికప్‌తో వాయిస్తే మీటర్ మీద ఏమీ కదలడం లేదని కొత్తవారు కంగారుపడతారు. మొదట ఎరుపు తగలకుండా చూసుకోవడం, ఆ తర్వాత చెవికి నప్పేవరకు ప్లగిన్ ఇన్‌పుట్ మీట తిప్పుకోవడం అందరికీ అందే పద్ధతి. మాన్యువల్ చదివే గిటారిస్టు ఎక్కడైనా ఉంటే ఆయన్ను వేదిక మీదకు పిలిచి సన్మానించాలి.

సున్నా_డిబి
సన్మానం తేదీ చెబితే శాలువా నేనే తెచ్చుకుంటాను.

తీగలగోల
ఇన్‌స్ట్రుమెంట్ మీట నొక్కే ఉంది. ఇంటర్‌ఫేస్ గెయిన్ మాత్రం సగానికి పైగా తిప్పి ఉంది, ఎరుపు తగలడం లేదు కానీ దానికి దగ్గరగా ఉంటోంది. పోతే, వాయించడం ఆపగానే గుయ్యిమనే హోరు కూడా వస్తోంది, గేటు పెడితే స్వరాల తోకలు తెగిపోతున్నాయి.

మెల్లగా_మీటు
ఆ హోరు రెండు రకాలుగా ఉంటుంది, ముందు ఏదో తేల్చుకోండి. గిటార్ పట్టుకుని కుర్చీలో చుట్టూ తిరిగితే హోరు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, అది పికప్ చుట్టుపక్కల కరెంటు నుంచి పట్టుకుంటున్న 50 లేదా 60 హెర్ట్జ్ హమ్. మానిటర్‌కు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా జరగడం, హంబకర్‌కు మారడం దానికి మందు. ఎటు తిరిగినా మారకుండా, లాప్‌టాప్ చార్జర్ పీకేయగానే పోతే అది చార్జర్ నుంచి వస్తున్నది. టేక్ తీసుకునేంతసేపు బ్యాటరీ మీద నడపండి. గేటును ఆంప్‌కు ముందు పెట్టండి. అక్కడ సిగ్నల్ ఇంకా కంప్రెస్ కాలేదు (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గలేదు) కాబట్టి స్వరానికీ హోరుకూ మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది, గేటు తెగనరకకుండా మెల్లగా మూసుకుంటుంది. ఆంప్ తర్వాత ఆ ఎడం చాలావరకు పోతుంది.

అసలు గెయిన్ తగ్గిస్తే హోరు కూడా సగం తగ్గుతుంది.

గోడకవతల
గెయిన్ తగ్గించమన్న మాటను ఇంకా గట్టిగా చెప్పాలి. ఒంటరిగా వాయిస్తున్నప్పుడు గిటార్ నిండుగా అనిపించాలని గెయిన్ పెంచుకుంటాం, బాస్ పెంచుకుంటాం. డ్రమ్స్, బాస్ గిటార్ వచ్చి చేరగానే ఆ నిండుదనమే బురద అవుతుంది. రికార్డింగుల్లో గోడలా వినిపించే రిథమ్ గిటార్‌లో చాలాసార్లు ఒక్కో ట్రాకుకు మనం ఊహించేదానికన్నా తక్కువ గెయిన్ ఉంటుంది, ఆ గోడ రెండు వేర్వేరు టేకులను ఎడమకూ కుడికీ పూర్తిగా ప్యాన్ చేయడం వల్ల వస్తుంది. రెండు టేకులూ విడివిడిగా వాయించినవై ఉండాలి. ఒకే టేకును కాపీ చేసి రెండు వైపులా పెడితే అది నడుమనే నిలిచి కొంచెం బిగ్గరగా వినిపిస్తుంది తప్ప వెడల్పు రాదు. కాపీని 15, 20 మిల్లీసెకన్లు జరిపితే వెడల్పు వచ్చినట్టు అనిపిస్తుంది కానీ మోనోలో (రెండు వైపులనూ ఒకటిగా కలిపి) వింటే డొల్లగా మారుతుంది.

మెటల్ రిథమ్‌కు ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ పెట్టడం కూడా ఇందుకే. ఇగ్నైట్ వారి టైరంట్ స్క్రీమర్ ఉచితంగా దొరుకుతుంది. డ్రైవ్ సున్నా దగ్గర, లెవెల్ బాగా పైన పెట్టండి. ఆ సర్క్యూట్ 720 హెర్ట్జ్ ప్రాంతం కింద ఉన్నదాన్ని అంతగా పెంచదు, దానివల్ల మందపాటి తీగల అడుగు భాగం ఆంప్‌ను ముంచెత్తకుండా పామ్ మ్యూట్లు (అరచేతి అంచుతో తీగలను అణిచి మీటే స్వరాలు) బిగువుగా వస్తాయి.

రాత్రివాయిద్యం
డబుల్ ట్రాకింగ్ సంగతి నిజమే, అయితే రెండో టేకు మొదటిదానితో కలవకపోతే ఆ గోడకు బీటలే మిగులుతాయి. దానికి ఉచిత ప్లగిన్ ఏదైనా ఉందా?

గోడకవతల
ఉంది, దాని పేరు మెట్రోనోమ్.

వినికిడి
ఆంప్‌లను, ఐఆర్‌లను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోకపోతే పైన చెప్పినవన్నీ వృథా అవుతాయి. రెండింటిలో ఏది కొద్దిగా బిగ్గరగా ఉంటే అదే మనకు మేలుగా అనిపిస్తుంది, ఒక్క డిబి తేడా ఉన్నా చాలు. ప్రతి ఐఆర్‌ను మార్చినప్పుడు ఔట్‌పుట్ స్థాయిని సమానం చేసి ఆ తర్వాతే తీర్పు చెప్పండి. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ ఇందుకు సరిపోతుంది.

రెండవ సంగతి, ఏ శబ్దస్థాయిలో వింటున్నారు అనేది. ఫ్లెచర్, మన్సన్ 1933లో చూపించినట్టు, తక్కువ శబ్దంలో మన చెవికి అడుగు స్వరాలు బాగా తక్కువగా అందుతాయి. రాత్రిపూట మెల్లగా వింటూ బాస్ పెంచి కుదిర్చిన టోన్ మరునాడు బిగ్గరగా వింటే ఊగిపోతుంది. ఒక మధ్యస్థ స్థాయిని ఎంచుకుని, దాన్ని గుర్తుపెట్టుకుని, టోన్ కుదిర్చే పని అక్కడే చేయండి.

పాతచింత
వినికిడి గారి మాటకు ఒకటి చేరుస్తాను. అసలు ఆంప్ ముందు నిలబడి వాయించిన అనుభవం ఉన్నవారు ప్లగిన్లు విని నిరాశపడటానికి ప్రధాన కారణం ఇదే. గదిలో ఆంప్ గాలిని కదిలిస్తుంది, ధ్వని గోడలకు తగిలి మన కాళ్లదాకా వస్తుంది. ఐఆర్ మాత్రం స్పీకర్‌కు అంగుళం దూరంలో ఉన్న మైకు వినే ధ్వని, మన తల అక్కడ ఎప్పుడూ ఉండదు. హెడ్‌ఫోన్స్‌లో ఆ ధ్వని నేరుగా చెవిలోకి దిగితే ఎవరికైనా కటువుగానే ఉంటుంది. డ్రాగన్‌ఫ్లై రూమ్ రివర్బ్ ఉచితం. దాన్ని చిన్న గది కొలతలకు తెచ్చి, రివర్బ్ ఉందని తెలియనంత తక్కువగా కలిపితే వాయించేవాడికి ప్రాణం లేచివస్తుంది. వాల్‌హల్లా సూపర్‌మాసివ్ కూడా ఉచితమే, అద్భుతమైనదే, కానీ అది ఆకాశమంత ప్రతిధ్వనుల కోసం పుట్టింది, గది కోసం కాదు.

తడబాటు
నాకున్న ఇబ్బంది టోన్ కంటే ముందుది. తీగ మీటిన తర్వాత ధ్వని ఆలస్యంగా వస్తోంది, బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకునే ధ్వని ముక్క) తగ్గిస్తే చిటపటలు వస్తున్నాయి. విండోస్‌లో ఏసియో4ఆల్ వాడుతున్నాను.

కొలతబద్ద
ఏసియో4ఆల్ స్వతహాగా ఇంటర్‌ఫేస్ డ్రైవర్ కాదు, విండోస్ మామూలు డ్రైవర్ మీద తొడిగిన తొడుగు. మీ ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవర్ ఉంటే అదే పెట్టుకోండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒకవైపుకు 2.7 మిల్లీసెకన్లు, లోపలికి, బయటికి, మధ్యలో మార్పిడికి కలిపి మొత్తం 10 లోపు ఉంటే చాలామందికి ఇబ్బంది ఉండదు. ఆంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడినా ధ్వని మన దగ్గరికి రావడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. బఫర్ తగ్గించినప్పుడు చిటపటలు వస్తే న్యూరల్ ఆంప్ మోడలర్‌లో పెద్ద మోడల్ బదులు ఫెదర్ లేదా నానో రకం మోడల్ తీసుకోండి, అవి ప్రాసెసర్‌ను తక్కువ శ్రమపెడతాయి. రికార్డ్ చేసేటప్పుడు మిగతా ట్రాకుల మీద ఉన్న బరువైన ప్లగిన్లను ఆపుకోండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే దాన్ని కూడా ఆపండి, లేకపోతే శుభ్రమైన గిటార్ ముందూ ప్లగిన్ ధ్వని తర్వాతా వచ్చి రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.

లైనక్స్_తీగ
లైనక్స్ వాడేవారిని అందరూ మరిచిపోయారు. గిటారిక్స్ అనే పూర్తి ఆంప్, పెడల్ వరుస ఎప్పటినుంచో ఓపెన్ సోర్సుగా ఉంది, న్యూరల్ ఆంప్ మోడలర్‌కు ఎల్‌వి2 (లైనక్స్‌లో వాడే ప్లగిన్ ఫైలు) రూపం కూడా ఉంది. చౌధురి డిఎస్‌పి వారి బివైఓడితో మీకు నచ్చిన వరుసలో సర్క్యూట్లు కలుపుకుని మీ సొంత డిస్టార్షన్ కట్టుకోవచ్చు, అది విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది.

సున్నా_డిబి
పాత ఆంప్ ప్లగిన్లలో ఇంకొక విషయం ఉంది, పాతచింత గారికి కోపం వచ్చినా చెబుతాను. డిస్టార్షన్ పుట్టించే హార్మోనిక్స్ శాంపిల్ రేటులో (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్కలో) సగాన్ని దాటితే అవి మాయం కావు, వెనక్కి మడతపడి అసలు స్వరంతో సంబంధం లేని చోట్ల తేలుతాయి. పై ఫ్రెట్‌లో ఒక తీగను మెల్లగా బెండ్ చేసి (పక్కకు నెట్టి) వినండి. స్వరం పైకి వెళుతుంటే వెనక సన్నని కూత ఒకటి కిందికి జారుతున్నట్టు వినిపిస్తే అది అదే. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ అనే మీట ఉంటే 4 రెట్లకు పెట్టండి. తీగలగోల గారు చెప్పిన గరగరలో కొంత భాగం ఇదే అయి ఉండవచ్చు.

పాతచింత
కోపమేమీ లేదు. ఆ కూత నాకు వినబడే వయసు దాటిపోయింది.

బూడిదరంగు_స్ట్రాట్
చర్చంతా డిస్టార్షన్ చుట్టూనే తిరుగుతోంది, పలచగా వస్తోందని మొదట అడిగినది క్లీన్ (చిట్లని) ధ్వని గురించి కూడా. క్లీన్ టోన్‌ను పూర్తిగా క్లీన్‌గా పెడితేనే అది నిర్జీవంగా ఉంటుంది. ఆంప్‌ను చిట్లడానికి ఒక అడుగు ముందు నిలపండి, మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే అంచు కరకరలాడేలా ఉండాలి. ఆ తర్వాత గిటార్ మీదున్న వాల్యూమ్ మీటను 7 దగ్గరికి తెచ్చి వాయించండి. ప్లగిన్ కిటికీలోకి చూడటం తగ్గి చేతివైపు చూడటం మొదలవుతుంది. పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా ఎత్తి పెట్టినవారు దాన్ని రెండు మిల్లీమీటర్లు దించి చూడాలి. మీటిన క్షణంలో వచ్చే దెబ్బ తగ్గి స్వరం విప్పారుతుంది. పాతబడిన తీగలకు మాత్రం ఏ ప్లగిన్‌లోనూ మందు లేదు.

తీగలగోల
చెప్పినవి ఒక్కొక్కటిగా చేసి చూశాను. ఫుల్ రిగ్ మోడల్ వెనక ఉన్న నాడ్ఐఆర్ తీసేయగానే దుప్పటి తొలగిపోయింది. ఇంటర్‌ఫేస్ గెయిన్ పూర్తిగా తగ్గించి, ఎమిసరీలో గెయిన్ సగానికి దించి, ముందు టైరంట్ స్క్రీమర్ పెట్టి, ఐఆర్‌ను స్పీకర్ అంచుకు దగ్గరగా తీసినదానికి మార్చాక గరగర దాదాపు పోయింది. హోరు చార్జర్‌దే. రెండు టేకులు ఎడమా కుడీ పెడితే ఇతరుల రికార్డింగుల్లో విన్న వెడల్పు వచ్చింది. సున్నా_డిబి గారూ, మాన్యువల్ చదివాను, కాబట్టి సన్మానంలో నాకూ వాటా ఉంది. మిగిలిన చిక్కు ఒకటే. కార్డులు వాయిస్తున్నప్పుడు బాగుంది కానీ పామ్ మ్యూట్ చేసిన ప్రతిసారీ అడుగున గుబుక్కుమంటోంది, ఆ చోటు ఈక్యూతో తగ్గిస్తే కార్డులు పలచబడుతున్నాయి.

గోడకవతల
అక్కడ మామూలు ఈక్యూ పనికిరాదు, డైనమిక్ ఈక్యూ, అంటే శబ్దం ఒక హద్దు (త్రెషోల్డ్) దాటినప్పుడే పనిచేసేది, కావాలి. టిడిఆర్ నోవా ఉచితం. ఐఆర్ తర్వాత దాన్ని పెట్టి, 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య గుబుక్కుమనే చోటు వెతికి, అక్కడ ఒక బ్యాండ్‌ను త్రెషోల్డ్ మీద నడిచేలా పెట్టండి. మ్యూట్ చేసినప్పుడు మాత్రమే అది మూడు, నాలుగు డిబి దించుతుంది, కార్డుల జోలికి రాదు. స్పీకర్‌కు మరీ దగ్గరగా పెట్టిన మైకు వల్ల కూడా అడుగు పెరుగుతుంది, కాబట్టి కొంచెం దూరం నుంచి తీసిన ఐఆర్ ఉంటే ముందు అది ప్రయత్నించి చూడండి.

నాలుగుతీగలు
దానికన్నా ముందు గిటార్ ట్రాకు మీద 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది స్వరాలను కోసేది) ఉందో లేదో చూసుకోండి. స్టాండర్డ్ ట్యూనింగ్‌లో గిటార్ మందపు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, మా బాస్ గిటార్‌ది 41 దగ్గర. అక్కడ అడుగున మీ గిటార్‌కు పనేమీ లేదు, మాకు మాత్రం ఉన్నదంతా అదే. గిటార్ ఒక్కటే వింటూ కాకుండా, బాస్ ట్రాకు నడుస్తుండగా ఫిల్టర్‌ను పైకి జరుపుతూ పోయి, గిటార్ పలచబడినట్టు అనిపించిన చోటికి కొంచెం కింద ఆపండి. డైనమిక్ ఈక్యూకు మిగిలే పని అప్పుడు సగమే ఉంటుంది.

తీగలగోల
బాస్ ట్రాకు ఇంకా వాయించలేదు. అది పెట్టాకే నోవా తెరుస్తాను.